సగం మనిషికి, సగం డబ్బకు

పెద్దమ్మ పోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను వనపర్తిలో నా మందుల దుకాణంలో నిలబడి, ఒకాయనకు జ్వరం గోలీలు రెండు కత్తిరించి ఇస్తున్నాను. అవతల మా అన్న, అంటే పెద్దమ్మ కొడుకు. "అమ్మ పోయింది తమ్మీ. ఇప్పుడే, పావుగంట అయితున్నది. కర్నూలు నుంచి ఇంటికి తీస్కపోతున్నం, నువ్వు సీదా గద్వాలకే వచ్చెయ్" అన్నాడు. సరే అన్నాను. ఫోన్ పెట్టేసి, ఆ రెండు గోలీలు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టాను. ఎనిమిదేళ్ళుగా చేతికి అలవాటైన పని, మనసుతో నిమిత్తం లేకుండా జరిగిపోయింది. ఆయన వెళ్ళిపోయాక షట్టరు దించుతుంటే తెలిసొచ్చింది నేనేం చేశానో. రోడ్డు మీదికి వచ్చి అటూ ఇటూ చూశాను. ఆయన కనపడలేదు.

మా పెద్దమ్మ పాము కరిచి పోలేదు. పేరు చెప్తేనే భయపడే పెద్ద రోగంతోనూ పోలేదు. ఆడవాళ్ళు ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునే "ఒంటికి పోతే మంట" అనే మూత్రం జబ్బుతో పోయింది. నేను దుకాణం పెట్టిన కొత్తలో రెండు గోలీలకు పారిపోయిన జబ్బు అది. ఆ గోలీలు ఇన్నేళ్ళూ ఆమెకు పంపింది నేనే. పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మన గొడవ మధ్యలోకి తేకూడదంటారు పెద్దలు. నాకు వేరే దారి కనపడటం లేదు, క్షమించండి.

మా నాయన మగ్గం వదిలేసి ధరూర్‌లో కౌలు వ్యవసాయం పట్టుకున్నాడు. నా చదువు కోసం ఆరో తరగతిలో నన్ను తెచ్చి గద్వాలలో పెద్దమ్మ ఇంట్లో వదిలాడు. నడి ఇంట్లో గుంట మగ్గం, దాని పక్కన పొయ్యి, పొయ్యి పక్కన నా పుస్తకాల సంచి. పదో తరగతి అయ్యేదాకా నేను మగ్గం చప్పుడులోనే చదువుకున్నాను. ఆ చప్పుడు ఆగితే నాకు చదువు మీద ధ్యాస పోయేది. పెద్దమ్మకు అది తెలుసు. పరీక్షల రోజుల్లో ఒంట్లో బాగాలేకపోయినా మగ్గం మీద కూర్చునేది. ఇది నేను పెద్దయ్యాక ఆమే నవ్వుతూ చెప్పింది. గొప్ప కోసం చెప్పలేదు, నన్ను ఏడిపించడానికి చెప్పింది. "నీకు లెక్కల్ల వచ్చిన మార్కులు నావే గదరా" అనేది.

గద్వాల చీర నేత చూడనివాళ్ళకు ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతిది అర్థం కాదు. చీర ఒళ్ళు నూలు, అంచు పట్టు. నేస్తూ నేస్తూనే ఆ రెండు పోగులనూ ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి. పెద్దమ్మ ఇంట్లో అంచు నేసేటప్పుడు మగ్గానికి ఇద్దరు ఉండాలి, ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు. ఒకరు లేచారంటే రెండోవాళ్ళు చేతులు కట్టుకుని కూర్చోవాలి. ఆ ఇద్దరు ముందు పెద్దమ్మా పెదనాయనా, పెదనాయన పోయాక పెద్దమ్మా కోడలూ. మగ్గం మీద కూర్చునే ఆడవాళ్ళు పొద్దున చాయ్ తాగాక మధ్యాహ్నం బువ్వదాకా చుక్క నీళ్ళు ముట్టరు. నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే పని ఆగుతుంది. పైగా లేచినా పోవడానికి ఇంట్లో చోటు లేదు, వీధి చివర కంపచెట్ల దాకా పోవాలి, అదీ జనం కళ్ళ ముందు నుంచి. ఎండాకాలంలో మగ్గం గుంటలో పెద్దమ్మ వీపు తడిసి రవిక అంటుకుపోయి ఉండేది. నీళ్ళ ముంత మాత్రం గోడవారగా బోర్లించి ఉండేది.

ఇక ఆమె పొదుపు గురించి. చీర అయిపోగానే కొత్త పడుగును, అంటే నిలువు పోగులను, పాత పడుగు కొసలకు అతకాలి. వేల పోగులు. ఒక్కొక్క పాత కొసనూ ఒక్కొక్క కొత్త కొసతో కలిపి, బూడిద అద్దిన బొటనవేలూ చూపుడువేలూ మధ్య ఒక్క మెలిక తిప్పడం. ముడి వెయ్యడం కాదు, మెలికే. పెద్దమ్మ అతికిన పోగు ఊడినట్టు నేను చూడలేదు. ఆ రెండు వేళ్ళ కొసలు ఎప్పుడూ బూడిద రంగులోనే ఉండేవి, పెళ్ళిళ్ళకు పోయినా సరే. జానెడు పట్టుపోగు మిగిలితే వేలికి చుట్టి గూట్లో పెట్టేది. తెగిన కొస కింద పడితే నన్ను లేపి వెతికించేది. ఆ ఇల్లు నడిచింది ఆ మిగులు మీదే, నేను చదివిందీ ఆ మిగులు మీదే. అందుకని దాన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

పోగులు దాచిన చేత్తోనే ఆమె గోలీలు కూడా దాచింది.

గూట్లో ఒక పాత బిస్కెట్ డబ్బా ఉండేది. మూత మీద బొమ్మ ఎప్పుడో చెరిగిపోయింది. ఇంట్లో ఎవరికి డాక్టరు గోలీలు రాసినా, జ్వరమో నొప్పో తగ్గిన పూట నుంచి మిగిలినవన్నీ ఆ డబ్బాలోకి పోవాలి. పెద్దమ్మకు చదువు రాదు. అందుకని ఏవి దేనికో గుర్తుకు పట్టుపోగులు కట్టేది. ఎర్రపోగు జ్వరానికి. ఆకుపచ్చ విరేచనాలకు. పసుపు ఒంటికి మంటకు. మొదట్లో అది ఒక్క ఇంటి డబ్బా. తర్వాత్తర్వాత వీధి డబ్బా అయింది. ఎవరికి ఏం వచ్చినా పెద్దమ్మ గడపలోకి వచ్చేవాళ్ళు. ఆమె నేసిన చీరను మగ్గం మీంచి దించినంత జాగ్రత్తగా మూత తీసి, రెండు గోలీలు ఇచ్చేది. పైసా తీసుకోలేదు ఎన్నడూ. ఒక్కటే షరతు. ఈసారి మీ ఇంట్లో డాక్టరు గోలీలు రాస్తే, తగ్గిన తర్వాత మిగిలినవి తెచ్చి డబ్బాలో వెయ్యాలి. "సగం మనిషికి, సగం డబ్బకు" అనేది. వీధి వీధంతా ఆ మాటకు కట్టుబడింది. మరీ కక్కుర్తి మనుషులనుకున్నవాళ్ళు కూడా తెచ్చి వేసేవాళ్ళు. మూడు రోజులకు రాసినవి ఒకటిన్నర రోజు, అయిదు రోజులకు రాసినవి రెండు రోజులు వాడి మిగతావి పెద్దమ్మ చేతిలో పెట్టడం ఆ వీధిలో మర్యాద. వెయ్యనివాళ్ళను పిసినారులు అనేవాళ్ళు.

ఫార్మసీ డిప్లొమా చేసి వచ్చిన కొత్తలో నేను పెద్దమ్మకు ఒకసారి చెప్పాను, చెప్పలేదనుకోకండి. "పెద్దమ్మా, రాసినన్ని రోజులు మింగాలె. నడుమ ఆపితె లోపలి పురుగు పూర్తిగ సావదు, మొండిది మిగులుతది" అన్నాను.

ఆమె అంచు నేస్తోంది. చెయ్యి ఆపలేదు. "నొప్పి తగ్గినంక గోలీ ఎందుకు కొడుకా? ఆకలి తీరినంక ఇంకో పళ్ళెం బువ్వ తింటమా? గా మిగిలింది ఇంకొకరి నోట్లెకు పోతది గద."

నేను నవ్వాను. అవతలి పక్క కూర్చున్న వదిన కూడా నవ్వింది. ఆ మాటను వనపర్తిలో నా దుకాణానికి వచ్చినవాళ్ళకు ఎన్నిసార్లు చెప్పి నవ్వించానో లెక్కలేదు. మా పెద్దమ్మ ఇట్లా అంటుందండీ అని. దానికి జవాబు నా పుస్తకంలో ఉంది. ఆ జవాబు రెండోసారి చెప్పే ఓపిక నాకు లేకపోయింది. అసలు సంగతి ఓపిక కూడా కాదు. ఆమె అంటే నాకు ప్రేమ, ఆమె మాట కాదంటే ఆ ఇంట్లో నేను పరాయివాణ్ణయిపోతానేమోనని ఎక్కడో బెంగ.

వనపర్తిలో దుకాణం పెట్టాక డబ్బాకు నేనే పెద్ద దిక్కునయ్యాను. గద్వాల నుంచి వనపర్తికి ఎవరు వచ్చినా పెద్దమ్మ వాళ్ళ చేతికి ఒక పోగు ముక్క ఇచ్చి పంపేది. వాళ్ళు కొంగు ముడి విప్పి నా కౌంటర్ మీద పెట్టేవాళ్ళు. ఆకుపచ్చ పోగయితే విరేచనాల గోలీలు అయిపోయాయని. రెండు పోగులు మెలేసి ఉంటే రెండు రకాలూ కావాలని. ఏ డాక్టరు రాసిన చీటీ కంటే నాకు ఆ పోగు ముక్కలంటే గౌరవం. కౌంటర్ అద్దం కింద పేర్చుకునేవాణ్ణి, వచ్చిన స్నేహితులకు చూపించేవాణ్ణి. ఎర్రపోగు వస్తే ఎర్రవి, పసుపు పోగు వస్తే పసుపువి, అడిగినన్ని కట్టి పంపాను. చీటీ లేకుండా ఇవ్వకూడని మందులవి. ఆ సంగతి నాకు ఆ గోలీల పేర్లు తెలిసినంత బాగా తెలుసు.

ఒక వానాకాలం నా బిడ్డను తీసుకుని గద్వాల పోయాం. దానికి రెండేళ్ళు. పోయిన పూటే విరేచనాలు పట్టుకున్నాయి. ఆ రోజు ఏదో బంద్, మందుల దుకాణాలు కూడా మూసేశారు. నా భార్య ఏడుపు, బిడ్డ కళ్ళు లోపలికి పోయాయి. ఊరందరికీ మందులు అమ్మేవాణ్ణి, నా దగ్గర ఏమీ లేదు. పెద్దమ్మ మగ్గం దిగి వచ్చింది. మొదట ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళు చెంచాతో పట్టించడం మొదలుపెట్టింది. తర్వాత డబ్బా తీసి ఆకుపచ్చ పోగు విప్పి, గోలీలో పావు వంతు పొడి చేసి నా వైపు చూసింది. "వెయ్యనా?" అంది. "వెయ్యి పెద్దమ్మా" అన్నాను. అదే నేను, మందు గురించి చదువుకున్నవాణ్ణి. తెల్లారేసరికి బిడ్డ తేరుకుంది. బిడ్డను బతికించింది ఆ ఉప్పునీళ్ళే అని నాకు ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అందరం డబ్బాకు దండం పెట్టాం. ఆ నెల వనపర్తి నుంచి ఆమె అడక్కుండానే ఒక పెద్ద పొట్లం పంపాను.

రాను రాను గోలీలు మాట వినడం మానేశాయి. ఏ సంవత్సరం నుంచి అంటే చెప్పలేను. ముందు రెండు గోలీలకు తగ్గే మంట నాలుగింటికి తగ్గింది. తర్వాత నాలుగింటికి తగ్గి, నెల తిరక్కుండానే మళ్ళీ వచ్చింది. నా కౌంటర్ మీదికి పసుపు పోగులు ఎక్కువ రావడం మొదలయింది. పెద్దమ్మకే కాదు, వదినకు, పక్కింటి వాళ్ళకు, మగ్గం మీద కూర్చునే ప్రతి ఆడమనిషికీ. ఒకసారి పెద్దమ్మ ఫోన్లో, "నీ గోలీల పస లేదురా ఈ మద్దెల. కల్తీ ఏమన్న వస్తున్నదా, జర సూడు" అంది. నేను కంపెనీ మార్చాను. అంతే చేశాను. అదే రకం, ఇంకో కంపెనీది పంపాను.

ఆ రోజుల్లోనే నాగర్‌కర్నూల్‌లో మందుల దుకాణాలవాళ్ళం కొందరం ఒక పెళ్ళిలో కలిశాం. భోజనాల దగ్గర నేను ఈ మాటే ఎత్తాను, పాత గోలీలు పనిచెయ్యట్లేదు, మనం రెండు రెండు కత్తిరించి ఇవ్వడం వల్లేనేమో అని. పక్కన కూర్చున్నాయన పప్పు కలుపుకుంటూ, "నువ్వియ్యకుంటె పక్క దుకాణమోడు ఇస్తడు. ఇంకా పెద్ద గోలీలు వస్తున్నయిలే, పరేషాన్ ఎందుకు?" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. పెళ్ళి భోజనం బాగుంది.

పోయిన ఎండాకాలం పెద్దమ్మకు మంటతో పాటు చలిజ్వరం వచ్చింది, నడుము పక్కన నొప్పి. డబ్బాలో పసుపువి, ఎర్రవి అన్నీ అయ్యాయి. ఏదీ పనిచెయ్యలేదు. జీవితంలో మొదటిసారి అన్న ఆమెను గద్వాలలోనే ఒక డాక్టరు దగ్గరికి తీసుకుపోయాడు. ఆయన పెద్ద గోలీలు రాశాడు, అయిదు రోజులు, పూటకొకటి చొప్పున పది. పరీక్ష కూడా రాశాడు కానీ ఆ పరీక్షకు మూడు రోజులు పడుతుంది, ఊళ్ళో చెయ్యరు. రేపు మాపు అనుకుంటూ మానేశారు. గోలీల పట్టీ నేనే తీసుకుపోయి ఇచ్చాను. ఈసారి గట్టిగానే చెప్పాను. "పదికి పది మింగాలె పెద్దమ్మా. ఒక్కటి డబ్బలకు పోయిందంటె నేను మల్ల ఈ గడప తొక్క."

"మింగుత తియ్యి, బెదిరియ్యకు" అంది. నా తల మీద చెయ్యి పెట్టింది. ఆ చెయ్యి కాలుతోంది.

రెండో రోజుకే జ్వరం దిగింది. ఫోన్ చేసి, "నీ గోలీలు పనిచేసినయి రా, మగ్గం మీన కూసున్న" అంది. ఆ గొంతులో ఓపిక విని నేను సంబరపడ్డాను. ఎన్ని మింగావని అడగలేదు.

రెండు వారాలకు మళ్ళీ వచ్చింది. ఈసారి చలికి మంచం కదిలిందట. మాట తడబడింది. కర్నూలు తీసుకుపోయారు, నేను వనపర్తి నుంచి నేరుగా అక్కడికే పోయాను. చిన్న వయసు డాక్టరమ్మ, చాలా నెమ్మదస్తురాలు. ఇంతకుముందు ఏమేం మందులు వాడిందని అడిగింది. అన్న చేతులు జోడించి, "మొన్న గద్వాల డాక్టరు రాసినయి తప్ప ఏం వాడలేదు మేడం. అంతకుముందు మా అమ్మ దవాఖాన మొకమే సూడలే ఎన్నడు" అన్నాడు. వాడు అబద్ధం చెప్పలేదు. డబ్బాలోవి వాడి లెక్కలో మందులు కావు, ఇంట్లో ఉండే వాము, సొంఠి లాంటివి. నేను అప్పుడు నోరు విప్పలేదు. డాక్టరమ్మ బయటికి నడుస్తుంటే వెనకాల పోయి, వరండాలో ఆపి, పేర్లన్నీ చెప్పాను. ఒక్కొక్క పేరూ, ఎన్నేళ్ళుగా, ఎట్లా రెండు రెండు. ఆమె రాసుకుంది.

"ఇవన్నీ మీకెలా తెలుసండీ?"

"నాది మందుల దుకాణం మేడం."

ఆమె ఏమైనా అంటుందని చూశాను. కలం మూత పెట్టుకుని వెళ్ళిపోయింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

పరీక్ష రిపోర్టు మూడో రోజు వచ్చింది. ఒక పక్క మందుల పేర్లు వరసగా, ఎదురుగా ఒక్కో అక్షరం. ఆర్ అని ఉంటే ఆ మందుకు ఈ సూక్ష్మజీవి లొంగదని అర్థం. నేను పై నుంచి కిందికి చదివాను. నా దుకాణంలో ఏ అరలో ఏముందో నాకు కళ్ళు మూసుకున్నా తెలుసు. ఆ కాగితం నా అరల వరసే. ఎర్రపోగువి, ఆకుపచ్చవి, పసుపువి, ఆ పెద్ద గోలీలు కూడా, అన్నిటికీ ఆర్. చివర ఒక్క ఇంజెక్షన్ ఎదురుగా మాత్రం ఎస్, లొంగుతుందని. డాక్టరమ్మ చెప్పింది, "ఇలాంటివి మా దగ్గర దవాఖానలో నెలల తరబడి పడుకున్నవాళ్ళకు వచ్చేవండీ. ఈమె దవాఖానకే రాలేదంటున్నారు. ఇది మీ ఇంట్లో తయారైంది, మీ వీధిలో." ఆ ఇంజెక్షన్ మొదలుపెట్టారు. అప్పటికే కిడ్నీలు మొరాయించాయి, విషం నెత్తురంతా పాకింది.

ఆ సాయంత్రం పెద్దమ్మకు కాసేపు తెలివి వచ్చింది. నన్ను గుర్తుపట్టింది. "కొడుకా, డబ్బల పసుపు పోగుది ఒకటి తెచ్చియ్యరా. రెండు ఏస్తె పోతుండె గద" అంది. "తెస్త పెద్దమ్మా, రేపొచ్చెటప్పుడు తెస్త" అన్నాను. ఆమె కుడిచేతి బొటనవేలు చూపుడువేలి మీద మెల్లగా తిరుగుతోంది, దుప్పటి అంచు పట్టుకుని, ఒకసారి, మళ్ళీ ఒకసారి. పోగులు అతుకుతోంది. నేను ఆ చెయ్యి పట్టుకుని ఆపబోయి, ఆపలేక వదిలేశాను. మర్నాడు దుకాణం చూసుకుని వస్తానని వనపర్తి వచ్చాను. ఫోన్ ఆ రోజే వచ్చింది.

పదకొండో రోజు తంతులన్నీ అయ్యాక వీధి ఆడవాళ్ళు నడి ఇంట్లో కూర్చున్నారు. పెద్దమ్మ మంచితనం చెప్పుకుని ఏడుస్తున్నారు. ఎవరి బిడ్డకు ఏ గోలీ ఇచ్చిందో, ఎవరి మొగుణ్ణి ఏ జ్వరం నుంచి లేపిందో. అన్నీ నిజాలే. అంతలో ఎవరో అన్నారు, "డబ్బ ఇంక ఎవరు సూసుకుంటరు? ఆగం కావద్దు." ఇద్దరు ముగ్గురు మేమంటే మేమన్నారు. నాకు ఒక్కసారి ఒళ్ళు మండిపోయింది. లేచి గూట్లోంచి డబ్బా లాగి అరిచాను. "ఈ డబ్బనే తిన్నది ఆమెను! ఇంక ఎవర్ని తినాలె?"

అందరూ బిత్తరపోయారు. ఒక మూల కూర్చున్న ముసలామె, పెద్దమ్మకు ఈడుమనిషి, నెమ్మదిగా తలెత్తింది. "డబ్బల గోలీలు ఎవరు పంపిన్రు నాయినా?" అంది. ఆ అడగడంలో ఎత్తిపొడుపు లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. నేను డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఎవరో చాయ్ తెచ్చారు.

అందరూ పోయాక వదిన నా దగ్గరికి వచ్చింది. వదిన మాట తక్కువ మనిషి. ఇరవై ఏళ్ళుగా అత్త ఎదురుగా కూర్చుని అంచు నేసింది, ఇద్దరి మధ్యా మగ్గమే మాట్లాడింది. చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, "మరిదీ, డబ్బ తీస్కపోతె తీస్కపో. అండ్ల జరీపోగు కట్టినయి ఉన్నయి, అవి మాత్రం నాకియ్యి. అత్త నాకని దాసింది" అంది.

డబ్బాలో జరీ ఎన్నడూ లేదు. జరీ ఖరీదైంది, ముక్క మిగిలినా నేత పని ఇచ్చిన షావుకారికి లెక్క చెప్పాలి. మూత తీసి అన్నిటి అడుగునా చూస్తే ఉంది. ఆ పది గోలీల పట్టీ, నేను తెచ్చి ఇచ్చినది. బంగారు పోగు రెండు చుట్లు చుట్టి, మెలిక తిప్పి ఉంది. పట్టీలో మూడు గుంటలు ఖాళీ. ఏడు గోలీలు అట్లాగే ఉన్నాయి.

"నాక్కూడ మంట ఉండె అప్పటికె. ఎవరికి చెప్పలె, అత్తకే చెప్పిన. మూడు ఏసుకున్నది, జొరం దిగింది. ఇంక నాకు సాలు, ఇవి మంచియి, పెద్దయి, నీకు ముదిరినప్పుడు ఏసుకో బిడ్డా అన్నది. నేను వద్దంటి. నువ్వు కోపానికొస్తవని నీకు చెప్పొద్దన్నది." వదిన నా మొహం చూసి ఆగిపోయింది. "ఇప్పుడు ముదిరింది మరిదీ. నాలుగు దినాల సంది జొరం గూడ వస్తున్నది."

నేను అక్కడే గచ్చు మీద కూర్చుని ఏడ్చాను. ఆమె చచ్చిపోయినప్పుడు రాని ఏడుపు. పెద్దమ్మ పిసినారితనంతో చచ్చిపోలేదు, అమాయకత్వంతోనూ కాదు. ఎదురుగా కూర్చున్న మనిషి నొప్పి చూడలేక, తన నోటి దగ్గరి మందు తీసి పక్కన పెట్టింది. అంత మంచి మనిషి అంత తప్పు పని ఎట్లా చేసింది అని అడిగితే నేను చెప్పగలిగింది ఒకటే, ఆమెకు తప్పని చెప్పాల్సినవాడు చెప్పలేదు.

వదినకు ఆ గోలీలు ఇవ్వలేదు. ఆమెను బలవంతాన బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయాను. అదే డాక్టరమ్మ, అదే పరీక్ష. మూడు రోజులకు రిపోర్టు వచ్చింది. పెద్దమ్మ రిపోర్టు పక్కన పెట్టి చూశాను. పై నుంచి కింది దాకా రెండూ దాదాపు ఒకటే. ఆ ఇంటి సూక్ష్మజీవి ఆ ఇంట్లోనే ఉంది. కాకపోతే వదినకు ఇంజెక్షన్ తొందరగా పడింది. వారం రోజులు, పూటకు పూట, నేనే నిలబడి చేయించాను. జ్వరం దిగింది. డాక్టరమ్మ చీటీ మీద కింద గీత గీసి రాసింది, రోజుకు ఇన్ని నీళ్ళు తాగాలి, ఆపుకోకూడదు అని. "ఇంకోసారి వస్తే దీనికి వాడటానికి ఏముంటుందో నేను చెప్పలేనండీ" అంది నాతో.

డబ్బాలోవి అన్నీ ఏరి మట్టిలో, సున్నంలో కలిపి పూడ్చేశాను. జరీ కట్టిన పట్టీ ఒక్కటి నా దగ్గర ఉంచుకున్నాను. ఇప్పుడు నా దుకాణంలో రెండు గోలీలు కత్తిరించి ఇవ్వను. సగంమంది తిట్టి పక్క దుకాణానికి పోతారు. అక్కడ ఇస్తారు. ఆ పెళ్ళిలో ఆయన చెప్పింది నిజమే.

పోయిన వారం గద్వాల పోయాను. పెద్దమ్మ కూర్చునే పక్క ఇప్పుడు అన్న కూర్చుంటున్నాడు, ఎదురుగా వదిన. ఎవరిదో పెళ్ళి చీర, తొందరగా దించాలి. నేను బోర్లించిన ముంత తీసి, కడిగి, నిండా నీళ్ళు పోసి వదిన చేతికి అందేంత దగ్గర, మగ్గం గుంట అంచున పెట్టాను. "గంట గంటకు తాగాలె వదినా, లేవాలె. చీర ఆగితె ఆగనియ్యి" అన్నాను. "తాగుత మరిదీ" అంది. అన్న కూడా తలూపాడు. నేను బజార్లో పని చూసుకుని, తెలిసినవాళ్ళను కలిసి, పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చాను. మగ్గం ఆడుతూనే ఉంది. అంచు జానెడు పెరిగింది, బాగా కుదిరింది. ముంత పెట్టినచోటే ఉంది. వంగి చూశాను. పోసిన నీళ్ళు పోసినట్టే ఉన్నాయి, పైన నూలు నూగు తెల్లగా పరుచుకుని.